మా స్కూల్ మంచిదే, కానీ మా పిల్లల్ని మాత్రం అందులో వెయ్యను

స్ట్రిక్ట్ స్కూల్లో చదివిన పాత ఫ్రెండ్స్ నలుగురు ఒకచోట కూర్చుంటే మాటలు ఎలా నడుస్తాయో చూశారా? మొదటి గంటంతా తిట్లే. హోంవర్క్ తేలేదని క్లాస్ బయట నిలబెట్టింది, సెలవుల్లో కూడా పెట్టిన క్లాసులు, టెస్ట్ అంటే ముందు రోజు నుంచే కడుపులో తిప్పడం, ఒకటా రెండా. రెండో గంటకి వచ్చేసరికి అదే నోటితో "ఏమన్నా అనండి, అప్పుడలా తోమారు కాబట్టే ఇప్పుడిలా ఉన్నాం రా" అని ఎవడో ఒకడు అంటాడు, మిగతావాళ్ళు తలూపుతారు. సరిగ్గా అప్పుడు నేనొక ప్రశ్న వేస్తుంటాను, ఈ మధ్య అలవాటైపోయింది కూడా: "సరే, మరి నీ పిల్లల్ని అందులోనే వేస్తావా?" అంతే, అందరూ సైలెంట్. కాసేపటికి "మంచి స్కూలే, కాదనట్లేదు, కానీ..." అని మొదలుపెడతారు. ఆ కానీ తర్వాత మాట ఎవరూ పూర్తి చెయ్యరు. ఆ మాట ఏంటో చూద్దామనే ఇదంతా రాస్తున్నా.

ముందు ఒకటి క్లియర్ చేసుకోవాలి. కృతజ్ఞత, కోపం ఒకే త్రాసుకి రెండు పళ్ళేలని, ఒకటి పైకి లేస్తే ఇంకోటి కిందకి దిగుతుందని మనం అనుకుంటాం, అందుకే రెండూ ఉన్నవాడిని చూస్తే వీడికే క్లారిటీ లేదులే అని తేల్చేస్తాం. నిజానికి మనసు అలా పనిచెయ్యదు. జాన్ కాసియోపో, గ్యారీ బెర్న్‌ట్సన్ అనే ఇద్దరు సైకాలజిస్టులు 1994లో ఇదే విషయం మీద రాశారు, ఇష్టం ఒక దారిలో అయిష్టం ఇంకో దారిలో నడుస్తాయి, రెండూ ఒకేసారి ఫుల్లుగా ఉండొచ్చు అని. అంటే ఇవి రెండు వేర్వేరు పద్దులు. ఈ పద్దులో ఎంత జమ ఉన్నా ఆ పద్దులో బాకీ తీరదు. "నీకు అంత మంచి ఉద్యోగం వచ్చింది కదా, ఇంకా ఆ స్కూల్ మీద ఏడుపేంటి" అని అడిగేవాళ్ళకి అర్థం కానిది ఇదే.

సరే, పద్దులు రెండు. ఏ పద్దులో ఏం రాసుకున్నాం, కరెక్ట్‌గానే రాసుకున్నామా అన్నది అసలు విషయం. నేను చూసినంతలో రెండింట్లోనూ తప్పులు ఉంటాయి.

కృతజ్ఞత సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే దాన్ని ఎవరూ అనుమానించరు. 1959లో ఎలియట్ ఆరన్సన్, జడ్సన్ మిల్స్ ఒక ఎక్స్‌పెరిమెంట్ చేశారు. కాలేజీ అమ్మాయిల్ని ఒక డిస్కషన్ గ్రూప్‌లో చేరడానికి పిలిచి, కొందరికి చేరేముందు బాగా ఇబ్బంది పెట్టే పరీక్ష పెట్టారు, అంటే పైకి చదవడానికి సిగ్గుపడే మాటలు గట్టిగా చదవమన్నారు, కొందరికి తేలికైన పరీక్ష పెట్టారు, కొందరికి అసలేం పెట్టలేదు. తర్వాత అందరికీ ఒకే డిస్కషన్ వినిపించారు, అదీ కావాలనే చప్పగా, బోర్ కొట్టేలా తయారుచేసింది. ఆ గ్రూప్ ఎలా ఉందంటే, ఎక్కువ ఇబ్బంది పడి లోపలికి వచ్చినవాళ్ళే చాలా బావుంది అన్నారు. పడ్డ కష్టం వేస్ట్ అని ఒప్పుకోవడానికి మనసు రాదు కదా, దాంతో కష్టం పెట్టిన చోటునే గొప్పది చేసేస్తాం. దీని ముందు ఐదారేళ్ళు పొద్దున్నే లేచి, ఆటలు మానేసి చదివిన పిల్లల్ని పెట్టి చూడండి, "అంతా వేస్ట్ రా" అని వాళ్ళ నోటి నుంచి రావాలంటే ఎంత కష్టమో.

ఇంకొకటి ఉంది. డేనియల్ కానెమన్ వాళ్ళ టీమ్ 1993లో చేసింది, ఇది నాకు భలే నచ్చుతుంది. జనాలని చెయ్యి చల్లటి నీళ్ళలో పెట్టమన్నారు, ఒకసారి 14 డిగ్రీల నీళ్ళలో 60 సెకన్లు. ఇంకోసారి అదే 60 సెకన్లు, దాని మీద ఎక్స్‌ట్రా 30 సెకన్లు, ఆ 30 సెకన్లలో మాత్రం నీళ్ళు నెమ్మదిగా 15 డిగ్రీలకి వేడెక్కుతాయి, అంటే కొంచెం నయం అంతే. మూడోసారి ఈ రెండింట్లో ఏది మళ్ళీ చేస్తారు అని అడిగితే ఎక్కువమంది రెండోదే అన్నారు! మొత్తం మీద నొప్పి ఎక్కువ ఉన్నదే ఎంచుకున్నారు, కారణం చివర కాస్త మెత్తగా అయిపోయింది కాబట్టి. స్కూల్ జ్ఞాపకం కూడా ఇలాగే తయారవుతుందని నా అనుమానం. చివరి ఏడాది ఎలా ముగుస్తుందో గుర్తుచేసుకోండి. రిజల్ట్ వచ్చింది, ఫేర్‌వెల్ జరిగింది, అన్నాళ్ళూ నవ్వని ప్రిన్సిపాల్ భుజం తట్టాడు, అందరం ఏడ్చుకుంటూ ఫొటోలు దిగాం. ఆ చివరి 30 సెకన్లే ఫ్రేమ్ కట్టుకుని గోడకి తగిలించుకుంటాం.

పైగా ఆ టేబుల్ చుట్టూ ఎవరు కూర్చున్నారో కూడా చూడాలి. నిలబడి గెలిచినవాళ్ళే వస్తారు. మధ్యలో టీసీ తీసుకుని వెళ్ళిపోయినవాడు ఆ వాట్సాప్ గ్రూప్‌లోనే లేడు, వాడి నంబర్ కూడా ఎవరి దగ్గరా లేదు. "మమ్మల్ని తోమారు, మేం బాగుపడ్డాం" అని చెప్పేవాడు దొరుకుతాడు గానీ, తోమితే విరిగిపోయినవాడు వచ్చి ఆ మాట చెప్పడానికి అక్కడ కుర్చీ ఉండదు.

అసలు ఆ బాగుపడటంలో స్కూల్ వాటా ఎంత? ఎంట్రన్స్ పెట్టి పిల్లల్ని ఏరుకునే స్కూళ్ళ గురించి అతీలా అబ్దుల్కాదిరోగ్లు, జాషువా యాంగ్రిస్ట్, పరాగ్ పాఠక్ అనే ఆర్థికవేత్తలు 2014లో ఒక పేపర్ రాశారు, బోస్టన్‌లోనూ న్యూయార్క్‌లోనూ ఉన్న పేరుమోసిన ఎగ్జామ్ స్కూళ్ళ మీద. వాళ్ళు చేసింది సింపుల్ పనే. కటాఫ్‌కి ఒక్క మెట్టు పైనుండి సీటు వచ్చిన పిల్లలు, ఒక్క మెట్టు కిందుండి సీటు పోయిన పిల్లలు, వీళ్ళ మధ్య తెలివిలో తేడా ఏమీ ఉండదు కదా, మరి కొన్నేళ్ళ తర్వాత వీళ్ళ మార్కులు ఎలా ఉన్నాయి అని పోల్చారు. దాదాపు తేడా లేదు. సీటు వచ్చినవాళ్ళు బాగా చదివారు, రానివాళ్ళూ ఇంకోచోట అంతే బాగా చదివారు. గేటు బయటే బాగా చదివే పిల్లల్ని ఏరుకుని, లోపలికి తీసుకున్నాక "మా దగ్గర చదివితే ఇలా అవుతారు" అని బోర్డు పెట్టుకోవడం ఎంత తేలికో ఆలోచించండి. అలా అని స్కూళ్ళన్నీ ఒకటే అనడం లేదు, మార్కుల్లో కనపడనివి కూడా ఉంటాయి, స్నేహాలు, ధైర్యం, నలుగురిలో మాట్లాడటం లాంటివి. కానీ "అంతా స్కూల్ వల్లే" అన్న మాటని మాత్రం కొంచెం తగ్గించుకోవచ్చు.

ఇక్కడిదాకా చదివి కోపం ఉన్నవాళ్ళు ఈల వేస్తుంటారు. ఆగండి, మీ పద్దూ చూద్దాం.

అమెరికా ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో స్టూడెంట్స్‌ని ప్రొఫెసర్లకి లాటరీ తీసినట్టు పంచుతారు, ఎవరికి ఎవరు పడతారో వాళ్ళ చేతిలో ఉండదు, సిలబస్ ఒకటే, పరీక్షా ఒకటే. స్కాట్ కారెల్, జేమ్స్ వెస్ట్ ఆ రికార్డులు తిరగేసి 2010లో ఒక విషయం బయటపెట్టారు. మొదటి మ్యాథ్స్ కోర్సులో ఏ ప్రొఫెసర్ల స్టూడెంట్స్‌కి మంచి మార్కులు వచ్చాయో, ఆ ప్రొఫెసర్లకి స్టూడెంట్స్ ఇచ్చిన రేటింగ్ కూడా బాగుంది. కానీ తర్వాత వచ్చే పెద్ద కోర్సుల్లోకి వెళ్ళేసరికి లెక్క తిరగబడింది. రేటింగ్ తక్కువ ఉన్న, అనుభవం ఎక్కువున్న ప్రొఫెసర్ల దగ్గర కిందామీదా పడినవాళ్ళే ముందుకెళ్ళారు. పునాది గట్టిగా పడుతున్నప్పుడు తవ్వించుకుంటున్నవాడికి బాధగానే ఉంటుంది, ఆ టైమ్‌లో అడిగితే తిడతాడు. 2019లో హార్వర్డ్ ఫిజిక్స్ క్లాసుల్లో కూడా ఇలాంటిదే కనపడింది, హాయిగా లెక్చర్ విన్నవాళ్ళు మాకు చాలా అర్థమైంది అనుకున్నారు, తామే కూర్చుని ప్రాబ్లమ్స్ చేసి తికమకపడ్డవాళ్ళు మాకేం రాలేదు అనుకున్నారు, టెస్ట్ పెడితే ఎక్కువ వచ్చింది రెండోవాళ్ళకే. కాబట్టి చదువుకునే రోజుల్లో "వీళ్ళు నన్ను చంపుతున్నారు" అని డైరీలో రాసుకున్నంత మాత్రాన స్కూల్ తప్పు చేసిందని కాదు. కష్టంగా ఉండటం, చెడుగా ఉండటం రెండూ పదమూడేళ్ళ వయసులో ఒకేలా అనిపిస్తాయి. ఆ వయసులో ఇంట్లో అమ్మానాన్న మీద కూడా కోపమే కదా, స్కూల్ ఖాతాలో ఆ వయసు కోపం కూడా కొంత కలిసిపోయి ఉంటుంది.

మరి ఇవన్నీ తీసేశాక మిగిలే కోపం ఏంటి? ముప్పై, నలభై ఏళ్ళ మనుషులకి కూడా తగ్గనిది, రీయూనియన్‌లో మూడో గంటకి, జోకులన్నీ అయిపోయాక, గొంతు మారిపోయి బయటకొచ్చేది? నేను చాలామంది దగ్గర విన్నాను, హోంవర్క్ ఎక్కువ ఇచ్చారని ఇన్నేళ్ళ తర్వాత ఎవరూ బాధపడరు. పొద్దున్నే లేపారని కూడా కాదు. ఒక్కొక్కరిదీ ఒక్కో చిన్న సీన్.

నాది చెప్తాను. మా స్కూల్లో నెల నెలా ర్యాంకులు చదివేవాళ్ళు, చదివాక ఆ ఆర్డర్‌లోనే బెంచీలు మారాలి. నలభై రెండు మందిమి. ఫస్ట్ ర్యాంక్ ముందు బెంచీలో కిటికీ పక్కన, అక్కడి నుంచి వరసగా. నాది ముప్పై ఒకటి. అంటే గుమ్మం పక్కన, ఫ్యాన్ గాలి అందని బెంచీ. మార్కులు తగ్గినవాడు బ్యాగ్ తీసుకుని, కంపాస్ బాక్స్ చంకలో పెట్టుకుని, ముందు నుంచి వెనక్కి అందరి మధ్య నుంచి నడవాలి. ఆ నడక ఒక పది అడుగులు ఉంటుందేమో. అంతకుముందు చిన్న స్కూల్లో నేనే ఫస్ట్, ఇక్కడికొచ్చాక ముప్పై ఒకటి, చదివేది మాత్రం ముందుకంటే రెట్టింపు. హెర్బర్ట్ మార్ష్ అనే పరిశోధకుడు దీని మీదే జీవితమంతా పనిచేశాడు. బాగా చదివేవాళ్ళ మధ్యలో పడేస్తే, అంతే తెలివి ఉన్న పిల్లాడికి కూడా తన మీద తనకి నమ్మకం తగ్గుతుందని 1980ల్లోనే చూపించాడు, 2003లో కిట్-తై హౌ అనే సహచరుడితో కలిసి 26 దేశాల్లో లక్ష మందికి పైగా పదిహేనేళ్ళ పిల్లల డేటా తీసి చూసినా అదే తేలింది. చిన్న చెరువులో పెద్ద చేప, సముద్రంలోకొస్తే పరిగె పిల్ల. ఇందులో స్కూల్ కావాలని చేసింది ఏమీ లేదు, అంతమంది చురుకైనవాళ్ళని ఒక గదిలో పెడితే ఎవడో ఒకడు ముప్పై ఒకటి అవ్వాల్సిందే. కానీ ఆ పది అడుగులు నడిపించడం మాత్రం కావాలని చేసిందే. నా కోపం అంతా ఆ పది అడుగుల దగ్గరే ఉంది, సిలబస్ దగ్గర లేదు.

ఇదే విషయాన్ని పెద్ద రచయిత ఒకడు చాలా బాధగా రాసుకున్నాడు. జార్జ్ ఆర్వెల్. ఎనిమిదేళ్ళ వయసులో, 1911లో, ఇంగ్లాండ్‌లోని ఈస్ట్‌బోర్న్‌లో సెయింట్ సిప్రియన్స్ అనే బోర్డింగ్ స్కూల్లో వేశారు. ఇంట్లోవాళ్ళకి అంత ఫీజు కట్టే స్తోమత లేదు, కుర్రాడు చురుకైనవాడు, స్కాలర్‌షిప్ కొట్టి స్కూల్‌కి పేరు తెస్తాడని ఫీజు తగ్గించి తీసుకున్నారు. తోమారు, నిజంగానే ఈటన్ అనే పేరుమోసిన స్కూల్లో స్కాలర్‌షిప్ వచ్చింది. అంటే లెక్క ప్రకారం స్కూల్ మాట నిలబెట్టుకున్నట్టే. కానీ పెద్దయ్యాక ఆ స్కూల్ గురించి రాసిన వ్యాసం ఎంత ఘాటుగా ఉందంటే, ఆయన 1950లో చనిపోయాక 1952లో అమెరికాలో, అదీ స్కూల్ పేరు మార్చి వేశారు, ఇంగ్లాండ్‌లో 1968 దాకా రాలేదు, పరువు నష్టం కేసు పడుతుందని భయం. అందులో దెబ్బలు, మురికి, చలి అన్నీ ఉన్నాయి, కానీ వాటన్నిటికంటే నాకు గుచ్చుకున్నది వేరే. నీ ఫీజు తగ్గించాం అన్న సంగతి ఆ పిల్లాడికి పదేపదే గుర్తుచేసేవాళ్ళు. మాట వినకపోతే, మార్కులు తగ్గితే, నీకింత చేస్తే ఇదా అని. పాపం ఆ పిల్లాడు వాళ్ళని ద్వేషిస్తూనే, మేలు చేసినవాళ్ళని ద్వేషిస్తున్నానే, నేను చెడ్డవాడినేమో అని లోపల్లోపల నలిగిపోయాడు.

కథ ఇక్కడితో అయిపోతే ఒక చెడ్డ స్కూల్, ఒక మంచి రచయిత అని మూసేయొచ్చు. కానీ దాదాపు అదే కాలంలో అదే స్కూల్లో చదివిన హెన్రీ లాంగ్‌హర్స్ట్ అనే ఆయన, తర్వాత గోల్ఫ్ మీద రాసి బాగా పేరు తెచ్చుకున్నాడు, ఆర్వెల్ అంత తిట్టిన ఆ హెడ్‌మాస్టర్ భార్యనే, మిసెస్ విల్క్స్‌ని, తెగ మెచ్చుకున్నాడు. అదే బిల్డింగ్, అదే మనిషి. ఆర్వెల్ అబద్ధం చెప్పాడా, లాంగ్‌హర్స్ట్ గుడ్డివాడా అని ఇప్పటికీ కొట్టుకుంటారు జనం. నాకైతే ఇద్దరూ నిజమే చెప్పారనిపిస్తుంది, ఆవిడ చూపు ఎవరి మీద ఎలా పడిందో వాళ్ళకి అలాంటి స్కూల్ దొరికింది. ఒకే క్లాసులో నలభై రెండు స్కూళ్ళు ఉంటాయి, ఈ మాట మీరు నమ్మకపోతే మీ ఫస్ట్ ర్యాంకర్‌ని, లాస్ట్ బెంచ్ వాడిని విడివిడిగా ఒకే టీచర్ గురించి అడిగి చూడండి.

ఇప్పుడు ఫ్రెంచ్ రచయిత అల్బేర్ కామూ సంగతి చూడండి. తండ్రి యుద్ధంలో పోయాడు, ఇంట్లో చదువు లేదు, పేదరికం. లూయి జెర్మెయిన్ అనే బడిపంతులు ఆ పిల్లాడిలో ఏదో చూసి, స్కాలర్‌షిప్ పరీక్షకి తనే చదివించి, పనిలో పెడదామనుకుంటున్న వాళ్ళ అమ్మమ్మని ఒప్పించాడు. ఈయనా మెత్తటి మనిషేం కాదు, క్లాసులో బాగా స్ట్రిక్ట్, అవసరమైతే దెబ్బ కూడా వేసేవాడు. 1957లో నోబెల్ వచ్చాక, ఆ హడావిడి కాస్త తగ్గాక, కామూ ఆయనకే ఉత్తరం రాశాడు, మీరు లేకపోతే ఇదేదీ జరిగేది కాదు అని. రాసింది స్కూల్‌కి కాదు, మనిషికి.

ఈ రెండు కథల మధ్య తేడా స్ట్రిక్ట్‌నెస్‌లో లేదు. జెర్మెయిన్ ఏమీ అడగలేదు, సెయింట్ సిప్రియన్స్ అడుగుతూనే ఉంది. ఫిలిప్ వాట్కిన్స్ అనే సైకాలజిస్ట్, ఆయన సహచరులు 2006లో దీన్నే పరీక్షించారు, ఎవరో మీకు సాయం చేసినట్టు ఊహించుకోండి అని చెప్పి, ఆ సాయం చేసినవాడు బదులుగా ఎంత ఆశిస్తున్నాడో మారుస్తూ పోయారు. ఆశించేది పెరిగేకొద్దీ కృతజ్ఞత తగ్గింది, రుణపడ్డామన్న ఫీలింగ్ పెరిగింది. ఈ రెండింటినీ మనం ఒకే మాటగా వాడేస్తాం గానీ రెండూ పక్కపక్కన కూడా ఉండవు. కృతజ్ఞత ఉన్నవాడు ఆ మనిషి దగ్గరికి వెళ్తాడు, అప్పు ఉన్నవాడు ఆ వీధి తప్పించుకుని వెళ్తాడు. "మీ కోసం మేం ఎంత కష్టపడుతున్నామో తెలుసా" అని ప్రతి అసెంబ్లీలో చెప్పే స్కూల్ తన చేత్తో తనే కృతజ్ఞతని అప్పుగా మార్చేసుకుంటుంది, ఆ తర్వాత పిల్లలకి విశ్వాసం లేదని బాధపడుతుంది.

అయితే కష్టపెట్టకుండా ఉండాలా? అస్సలు కాదు, నన్నడిగితే పిల్లల్ని ఏమీ అడగని స్కూల్ కూడా ఒకరకంగా వాళ్ళని లెక్కచెయ్యనట్టే. అలాస్కాలో స్థానిక తెగల పిల్లలకి పాఠాలు చెప్పే టీచర్లని గమనించిన జుడిత్ క్లైన్‌ఫెల్డ్ 1975లో రాసిందాని ప్రకారం, గట్టిగా అడుగుతూ మనసులో ఆప్యాయత ఉన్న టీచర్ల దగ్గరే పిల్లలు బాగా చదివారు. ఆప్యాయత మాత్రమే ఉంటే చాల్లేదు, గట్టిగా అడగడం మాత్రమే ఉన్నా చాల్లేదు. ఇంకా చిన్న ఉదాహరణ కావాలంటే డేవిడ్ యేగర్ వాళ్ళు 2014లో ప్రచురించింది ఉంది. ఏడో క్లాస్ పిల్లలు వ్యాసం రాశారు, టీచర్లు తప్పులన్నీ దిద్దారు, ఎవరికీ దిద్దడం తగ్గించలేదు. అందరి కాగితాలకీ ఒక చిన్న చీటీ అంటించారు, కొందరి చీటీలో నీకు ఫీడ్‌బ్యాక్ ఉండాలని దిద్దాను అని మామూలుగా ఉంది, మిగతావాళ్ళ చీటీలో మాత్రం నీ మీద నాకు చాలా ఆశలున్నాయి, నువ్వు అక్కడికి చేరగలవని నాకు తెలుసు, అందుకే ఇన్ని దిద్దాను అని. ఆ రెండో చీటీ వచ్చినవాళ్ళు ఆ వ్యాసం మళ్ళీ రాసి తేవడం బాగా పెరిగింది, అన్నిటికంటే ఎక్కువగా టీచర్ల మీద నమ్మకం పోయిన నల్లజాతి పిల్లల్లో. దిద్దడం అదే. మామూలు చీటీ వచ్చిన పిల్లాడికి అది తిట్టులా కనపడింది, రెండో చీటీ వచ్చినవాడికి తన కోసం ఎవరో కూర్చుని దిద్దినట్టు కనపడింది.

మా లెక్కల సార్ దగ్గర చీటీలేం ఉండేవి కాదు. సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక చేతి వాచీ తీసి టేబుల్ మీద పెట్టి, "ముప్పై ఒకటీ, ఇటు రా" అని పిలిచేవారు. అవును, ర్యాంకుతోనే పిలిచేవారు, కానీ ఆయన పిలిస్తే ఎందుకో కోపం వచ్చేది కాదు, ఆయన ఆ నంబర్‌ని తీసేయడానికే కూర్చోబెట్టుకుంటున్నారని తెలిసేది. తప్పు చేస్తే నెత్తి మీద మొట్టేవారు, స్టెప్ ఎక్కడ ఎగిరిపోయిందో నేను పట్టుకునేదాకా వాచీ చేతికి పెట్టుకునేవారు కాదు. ఆయనంత స్ట్రిక్ట్ మనిషి ఆ స్కూల్లో ఇంకొకరు లేరు.

రెండేళ్ళ కింద స్కూల్ వార్షికోత్సవానికి సావనీర్ వేస్తున్నాం, పాత విద్యార్థులు పది లైన్లు రాసి పంపండి అని గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. కూర్చుని రాశాను. ఏడు లైన్లు సార్ గురించి, పేరుతో సహా, వాచీతో సహా. మూడు లైన్లు ఆ బెంచీల గురించి, ఆ పది అడుగుల గురించి. పుస్తకం వచ్చాక చూస్తే బెంచీల మూడు లైన్లు లేవు, అది ఊహించిందే. సార్ పేరున్న చోట "మా పాఠశాల యాజమాన్యం" అని ఉంది, అది మాత్రం ఊహించలేదు. వాచీ అలాగే ఉంది, అంటే ఇప్పుడు యాజమాన్యం మొత్తం సాయంత్రాలు వాచీ తీసి టేబుల్ మీద పెట్టుకుని నాకు లెక్కలు చెప్పినట్టు అయిందన్నమాట.

ఆ పేజీ ఫొటో తీసి, కింద నేను రాసిన ఒరిజినల్ పెట్టి సార్‌కి పంపాను. డెబ్భై దాటాయి ఆయనకి, ఫోన్‌లో టైప్ చెయ్యడానికి చాలా టైమ్ తీసుకుంటారు. గంట తర్వాత రిప్లై వచ్చింది: "ఏడు, మూడు కలిపితే పది. నువ్వు రాసింది పదకొండు లైన్లు. మళ్ళీ లెక్కపెట్టు."